పాత జింటీకి డిజిటల్ పగ్గం

ఇంగ్లండులో పాత మోడల్ రైళ్ళు అమ్మే ఏ బల్ల దగ్గర ఆగినా ఒక నల్లని చిన్న ఇంజన్ కంటబడే అవకాశం ఎక్కువ. ఆరు చక్రాలు, బాయిలరుకు రెండు పక్కలా నీళ్ళ ట్యాంకులు, వెనక కాస్తంత బొగ్గు పట్టే తొట్టి. ముద్దుపేరు జింటీ. అసలు జింటీలు 1924 నుంచి 1931 దాకా 422 తయారయ్యాయి. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ తోయడంతోనే వాటి బతుకు చాలావరకు వెళ్ళిపోయింది. 1950ల్లో ట్రయాంగ్ అనే బొమ్మల బ్రాండు వాటికి 76వ వంతు నకలు తీసి, పదహారున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టాల మీదికి ఎక్కించింది. పిల్లలు కింద పడేసినా, గోడకు గుద్దించినా బతికి బట్టకట్టిన మొండి సరుకు అది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దుమ్ము దులిపి రెండు చుక్కల నూనె వేస్తే చాలావాటికి ప్రాణం లేచి వస్తుంది. అలాంటి ఇంజన్‌ను ఇవాళ్టి డిజిటల్ పద్ధతిలో నడపాలంటే ఏం చేయాలి?

డిజిటల్ అనగానే అందరి చూపూ చిప్ మీదికి పోతుంది. ఏ కంపెనీది, ఎంతకు దొరుకుతుంది, కూత వస్తుందా రాదా! నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో సులువైన భాగం చిప్పే. అసలు పని దానికంటే ముందుంది. మోటారును ఇంజన్ ఒంటి నుంచి విడదీయాలి. ఆ ఒక్కటీ సరిగ్గా కుదిరితే మిగతాదంతా ఓపిక. కుదరకపోతే ఎంత ఖరీదైన చిప్ అయినా కరెంటు ఇచ్చిన క్షణంలోనే కాలి వాసన వస్తుంది.

ఎందుకలా అన్నది తెలియాలంటే పాత పద్ధతి ఒకసారి చూడాలి. అందులో రెండు పట్టాలే రెండు తీగలు. బల్ల మీది కంట్రోలర్ నాబ్ తిప్పితే వాటి మధ్య డీసీ వోల్టేజి సున్నా నుంచి పన్నెండు దాకా పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే ఇంజన్ వేగం పెరుగుతుంది, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. ఇంజన్‌కు సొంత ఆలోచనంటూ ఏదీ లేదు, పట్టాల మీద ఎంత వస్తే అంత తాగి తిరుగుతుంది. ఒక ఇంజన్ ఉన్నంతవరకు ఇది హాయిగానే ఉంటుంది. రెండోది అదే పట్టా మీద పెట్టగానే పేచీ మొదలవుతుంది, నాబ్ తిప్పితే రెండూ ఒకేసారి కదులుతాయి. ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని నడపాలంటే పట్టాలను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ ఒక్కో స్విచ్చు పెట్టి, ఏ రైలు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటూ స్విచ్చులు నొక్కుతూ ఉండాలి. అప్పుడు మీరు నడిపేది రైలు కాదు, స్విచ్చుబోర్డు.

డిజిటల్ పద్ధతి ఈ ఏర్పాటును తిరగేసింది. పట్టాల మీద వోల్టేజి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఈ సైజు రైళ్ళకు ఇంచుమించు 14 నుంచి 16 వోల్టుల దాకా. ఎంత వాడుకోవాలన్నది ఇంజన్ లోపలే తేలుతుంది. నిజానికి ఇది అసలు రైళ్ళ పద్ధతి. విజయవాడ స్టేషన్‌లో ఎలక్ట్రిక్ ఇంజన్ ఆగి ఉన్నా, కదిలినా, పైనున్న తీగలో 25 వేల వోల్టులు అలాగే ఉంటాయి. మోటార్లకు ఎంత పంపాలో లోకో పైలట్ చెప్పినట్టు ఇంజన్‌లోని యంత్రాలే చూసుకుంటాయి. ఒకే తీగ కింద పది ఇంజన్లు పది వేగాలతో పోగలగడం అందువల్లే. తేడా ఒకటే. మన జింటీలో కూర్చునే లోకో పైలట్ లేడు కనుక అతని ఆజ్ఞ కూడా పట్టాల మీదుగానే రావాలి.

ఆ ఆజ్ఞను మోసుకొచ్చే భాషకు డిజిటల్ కమాండ్ కంట్రోల్ అని పేరు, వాడుకలో డీసీసీ. దీనికి పునాది వేసింది జర్మనీకి చెందిన బెర్న్డ్ లెంజ్, 1980ల చివర్లో. ఆ పనిని ఆధారం చేసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల మొదట్లో ప్రమాణాలు రాసింది. ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ డీకోడర్, అంటే ఇంజన్ లోపల ఈ భాష చదివే చిప్, పనిచేస్తోందంటే ఆ ప్రమాణాల పుణ్యమే. అంతకు ముందే, 1979లో హార్న్‌బీ కంపెనీ జీరో వన్ అనే సొంత డిజిటల్ పద్ధతిని మార్కెట్లోకి తెచ్చి, ఒకేసారి పదహారు ఇంజన్లను నడిపి చూపించింది. అది నిలదొక్కుకోలేదు. అయినా పాత ఇంజన్ కొని మూత తీసినప్పుడు లోపల ఎవరో పెట్టిన లావుపాటి జీరో వన్ బోర్డు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. దానికి డీసీసీ భాష రాదు, తీసి పక్కన పెట్టాల్సిందే.

డీసీసీలో పట్టాల మధ్య వోల్టేజి క్షణం పాటు కూడా ఒకే దిక్కున నిలబడదు. ప్లస్ మైనస్‌గా, మైనస్ ప్లస్‌గా సెకనుకు వేలసార్లు తిరగబడుతూ ఉంటుంది. సందేశం ఉండేది ఆ తిరగబడే వ్యవధిలోనే. ఒక్కో దిక్కున 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది 1, వంద లేదా అంతకంటే ఎక్కువ నిలిస్తే అది 0. ఈ రెండు అక్షరాలతోనే మొత్తం సంభాషణ సాగుతుంది. ఇంజన్‌ను నడిపే కరెంటూ అదే, దానికి అందే ఉత్తరమూ అదే. విడిగా సిగ్నల్ తీగ అక్కర్లేదు.

ఒక ఉత్తరం విప్పి చూద్దాం. మొదట వరసగా కనీసం పద్నాలుగు 1లు వస్తాయి. మాట మొదలవబోతోంది, విను అన్నట్టు. తర్వాత ఒక 0, ఆపైన ఎనిమిది అక్షరాల చిరునామా. కొత్త డీకోడర్లన్నీ కంపెనీ నుంచి 3 అనే చిరునామాతో వస్తాయి కాబట్టి 00000011 అనుకోండి. మళ్ళీ ఒక 0, ఆపైన ఆజ్ఞ: 01101000. ఇందులో మొదటి రెండు అక్షరాలు ‘ఇది వేగానికి సంబంధించిన మాట’ అంటాయి, మూడోది ‘ముందుకు’ అంటుంది, మిగిలినవి 28 మెట్లలో పదమూడో మెట్టును సూచిస్తాయి. మళ్ళీ ఒక 0, చివర తనిఖీ ముక్క: 01101011. పైన ఉన్న చిరునామానూ ఆజ్ఞనూ ఒకదాని కింద ఒకటి రాసి, రెండు అంకెలూ ఒకటే అయితే 0, వేరైతే 1 అని వేసుకుంటూ పోతే వచ్చేది ఇదే. ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు. డీకోడర్ కూడా అదే లెక్క వేసి, సరిపోకపోతే ఆ ఉత్తరాన్ని చించి పారేస్తుంది. పట్టా మీద మురికి వల్ల ఒక అక్షరం చెడినా నష్టం లేదు, సెకనుకు నూటికి పైగా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.

ఇందులో ఇంకో సుగుణముంది. ఇంజన్‌ను ఎత్తి, ముందుభాగం వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టినా సందేశం మారదు. లెక్కించేది వ్యవధిని, ప్లస్ మైనస్‌లను కాదు. ‘ముందుకు’ అంటే ఇక ఇంజన్ ముఖం ఉన్న వైపే.

ఇప్పుడు జింటీ మూత తీద్దాం. పైన ప్లాస్టిక్ ఒళ్ళు, కింద పోతపోసిన లోహపు దిమ్మ. ఆ దిమ్మే ఛాసిస్. దాని మీద కూర్చున్న మోటారుకు ట్రయాంగ్ పెట్టిన పేరు ఎక్స్ జీరో ఫోర్. మోటారు ఇరుసు చివర వార్మ్ గేరు, అది చక్రాల ఇరుసు మీది పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. మరుగు ఏమీ లేదు. ఆర్మేచర్, రాగితీగ చుట్టలు, అయస్కాంతపు దిమ్మ, కమ్యుటేటర్ మీద ఆనుకున్న రెండు కార్బన్ బ్రష్షులు అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. మోటారు ఎలా తిరుగుతుందో పిల్లలకు చెప్పాలంటే ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఇవాళ్టి సీల్ చేసిన డబ్బా మోటార్లలో ఆ భాగ్యం లేదు.

కరెంటు దారి పట్టుకుని వెళ్తే ట్రయాంగ్ వారి పొదుపు తెలుస్తుంది. ఒక పక్క చక్రాలకు ఇన్సులేషన్ ఉంది, ఆ చక్రాలను ఒరుసుకుంటూ ఒక పలుచని లోహపు రేకు కరెంటు తీసుకుని తీగ ద్వారా ఒక బ్రష్షుకు ఇస్తుంది. రెండో పక్క చక్రాలకు అలాంటిదేమీ లేదు. పట్టా నుంచి చక్రానికి, చక్రం నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి ఛాసిస్ దిమ్మకు, దిమ్మ నుంచి మోటారు చట్రానికి, అక్కడి నుంచి రెండో బ్రష్షుకు. అంటే ఇంజన్ ఒళ్ళే ఒక తీగ. ఒక తీగ ఖర్చు, ఒక టంకం ఖర్చు మిగిలాయి. డీసీ రోజుల్లో ఇందులో తప్పేమీ లేదు, తెలివైన పనే.

ఈ రెండు బ్రష్షులనూ కమ్యుటేటర్‌కు నొక్కి పట్టేది ఒకే ఒక స్ప్రింగు, జడపిన్నులా రెండు చేతులున్న ఉక్కుతీగ. స్ప్రింగు నడుము మోటారు చట్రానికే తగులుతుంది. ఒక చేతికి మాత్రం సన్నని ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది, తీగ వచ్చి చేరే బ్రష్షు వైపు అన్నమాట. రెండో చేయి బట్టబయలు, ఆ దారిలోనే ఛాసిస్ కరెంటు బ్రష్షులోకి వెళ్తుంది.

మోటారును విడదీయడమంటే ఈ బట్టబయలు చేతికి కూడా ఒక గొట్టం తొడగడమే! కొన్ని మిల్లీమీటర్ల ముక్క చాలు. కొనాల్సిన పని కూడా లేదు, ఇంట్లో పడి ఉన్న సన్నని కరెంటు తీగ నుంచి రాగిని లాగేస్తే మిగిలే ప్లాస్టిక్ తొడుగు సరిగ్గా సరిపోతుంది. స్ప్రింగు చేతిని పట్టకారుతో మెల్లగా పక్కకు లాగి, గొట్టం దూర్చి, బ్రష్షును పట్టుకున్న చిన్న లోహపు రేకు మీద మళ్ళీ ఆనించాలి. గొట్టం మరీ లావుగా ఉంటే స్ప్రింగు ఒత్తిడి మారి బ్రష్షు ఒక పక్కకు ఒరుగుతుంది, అది చూసుకోవాలి. అంతే. ఛాసిస్ కోయనక్కర్లేదు, రంధ్రాలు వేయనక్కర్లేదు, రేపు వద్దనుకుంటే గొట్టం తీసేస్తే ఇంజన్ మళ్ళీ యథాస్థితికి వచ్చేస్తుంది. ట్రయాంగ్ తర్వాతి తరం ఇంజన్లలో, అంటే హార్న్‌బీ పేరుతో వచ్చిన గుండ్రటి రింగ్‌ఫీల్డ్ మోటార్లలో, ఇది ఇంత తేలిక కాదు. అక్కడ కూడా ఒక బ్రష్షు లోహానికే కలిసి ఉంటుంది గానీ, విడదీయడానికి చిన్న లోహపు పలుకును కత్తిరించడమో వంచడమో చేయాలి. వయసులో పెద్దదైన జింటీయే డిజిటల్‌కు ఎక్కువ అనువుగా ఉండటం ఒక తమాషా.

ఇంతకీ విడదీయకపోతే ఏమవుతుంది? డీకోడర్ లోపల మోటారును రెండు దిక్కులా తిప్పగలిగేలా నాలుగు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. డీకోడర్ పట్టా కరెంటును ముందు డీసీగా మార్చుకుంటుంది, ఈ ట్రాన్సిస్టర్లు దాన్ని తరిగి మోటారుకు పంపుతాయి. మోటారు బ్రష్షు ఒకటి ఛాసిస్ ద్వారా నేరుగా పట్టాకు తగులుతూ ఉంటే డీకోడర్ బయటికి పంపే తీగలోకి పట్టా వోల్టేజి ఎదురు దూరుతుంది. ఆ ట్రాన్సిస్టర్లు తట్టుకోవు. డీసీలో ఇలాంటి పొరపాటుకు శిక్ష ఇంజన్ కదలకపోవడం వరకే. ఇక్కడ కాలిపోవడమే.

అందుకే టంకం వేడెక్కించే ముందు మల్టీమీటర్ తీయాలి. కంటిన్యుటీ మీద పెట్టి, ఒక ముల్లు బ్రష్షు మీద, రెండో ముల్లు ఒక్కో చక్రం మీద, తర్వాత ఛాసిస్ మీద. రెండు బ్రష్షులకూ ఇలాగే. పాత తీగను కూడా విడదీశాక ఎక్కడా ‘బీప్’ రాకూడదు. చక్రాలను చేత్తో ఒక చుట్టు తిప్పుతూ మళ్ళీ చూడాలి, ఎందుకంటే కొన్నిసార్లు ఆర్మేచర్ ఒక కోణంలో ఉన్నప్పుడే ఎక్కడో తగులుతుంది. రెండు బ్రష్షుల మధ్య మాత్రం కొన్ని ఓముల నిరోధం చూపించాలి, అది మోటారు చుట్టలది. ఈ పరీక్షను బద్ధకించి దాటేసేవాళ్ళ మీద నాకు జాలి లేదు.

ఇదే సమయంలో టీవీలో గీతలు రాకుండా ఆ కాలంలో బిగించిన చిన్న కెపాసిటర్ ఏదైనా కనిపిస్తే తీసేయాలి. డీకోడర్ మోటారుకు పంపేది ముక్కలు ముక్కలైన కరెంటు, ఆ ముక్కలను కెపాసిటర్ మింగేస్తూ అనవసరంగా వేడి పుట్టిస్తుంది.

తర్వాతి ప్రశ్న మోటారు ఆకలి. ఈ సైజు మామూలు డీకోడర్లు ఇంచుమించు ఒక ఆంపియరు దాకా నిలకడగా ఇవ్వగలవు. పాత తెరిచిన మోటార్లు అంతకు మించి లాగవచ్చు. తెలుసుకోవడానికి ఒక మొరటు పరీక్ష ఉంది. డీకోడర్ లేకుండా, 12 వోల్టుల డీసీ ఇచ్చి, అమ్మీటరు చూస్తూ మోటారును వేలితో ఒకటి రెండు సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. మోటారు తిరిగేటప్పుడు తానే ఒక చిన్న జనరేటర్ కూడా. దానిలో పుట్టే ఎదురు వోల్టేజి లోపలికి వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. తిరగనివ్వకపోతే ఆ ఎదురు ఉండదు, చుట్టల నిరోధం ఒక్కటే అడ్డు. కాబట్టి అప్పుడు కనిపించేదే గరిష్ఠం. ఆ అంకె డీకోడర్ సామర్థ్యానికి లోబడి ఉండాలి.

ఎక్కువ చూపిస్తే కంగారు పడి మోటారు మార్చేయడం కంటే ముందు కమ్యుటేటర్ చూడాలి. దాని రాగి ముక్కల మధ్య సన్నని సందులు ఉంటాయి. దశాబ్దాల కార్బన్ పొడి, నూనె కలిసి వాటిలో నల్లని ముద్దలా గట్టిపడి, విడివిడిగా ఉండాల్సిన ముక్కలను కలిపేస్తుంది. పుల్ల ముక్కతో ఆ సందులు గీకి, స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిస్తే అంకె దిగిరావచ్చు. ఇక పరుగులో కరెంటు ఎక్కువ తీసుకుంటూ, వేడెక్కుతూ, బలం లేకుండా తిరుగుతుంటే తప్పు అయస్కాంతానిది కావచ్చు. ఆ కాలపు మిశ్రమలోహపు అయస్కాంతాలు బలం కోల్పోతాయి. అయస్కాంతం బలహీనపడితే ఎదురు వోల్టేజి తక్కువగా పుడుతుంది, అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది. మరమ్మతు కోసమని ఆర్మేచర్ బయటికి లాగినా ఈ అయస్కాంతాల బలం తగ్గుతుంది, అయస్కాంత రేఖలకు అలవాటైన ఇనుప దారి తెగిపోతుంది కనుక. వీలైనంతవరకు మోటారును పూర్తిగా విప్పకపోవడం మేలు. విప్పాల్సి వస్తే అయస్కాంతం రెండు కొసలకూ ఒక ఇనుప ముక్క అంటించి ఉంచాలి. కొందరు పాత దిమ్మ తీసేసి, చిన్న నియోడిమియం అయస్కాంతాలను ఇనుప ముక్కలతో కలిపి ఆ ఖాళీలో పేరుస్తారు. మోటారు చల్లబడుతుంది, కరెంటు తగ్గుతుంది, మెల్లగా నడిచే నేర్పు వస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు ఇంకే పనిలోనూ చూడం.

ఇవన్నీ అయ్యాక డీకోడర్ తీగలు. రంగులు ప్రమాణాల్లోనే రాసి ఉన్నాయి. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగులు మోటారుకు. జింటీలో ఒక పట్టా తీగ చక్రాలను ఒరిసే రేకుకు, రెండోది నేరుగా ఛాసిస్ దిమ్మకు పోతుంది. ఛాసిస్ పోత లోహానికి టంకం సరిగా అంటదు. ఏదైనా స్క్రూ కింద చిన్న రింగు పెట్టి బిగించడమే దారి. నారింజ, బూడిద తీగలు రెండు బ్రష్షుల రేకులకు. ఇక్కడ టంకం త్వరగా ముగించాలి, వేడి నిలిస్తే స్ప్రింగు చేతికి తొడిగిన గొట్టమే కరిగిపోతుంది. తెలుపు, పసుపు, నీలం తీగలు దీపాలవి. జింటీలో దీపాల్లేవు కాబట్టి వాటి కొసలకు తొడుగు వేసి మడిచిపెట్టేయడమే. డీకోడర్‌ను రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపుతో ప్లాస్టిక్ ఒంటి లోపల, బొగ్గు తొట్టి దగ్గరో క్యాబ్‌లోనో, ఏ లోహమూ తగలని చోట అంటించాలి. జాగ్రత్త ఎక్కువై దాన్ని టేపుతో చుట్టచుట్టేస్తే మాత్రం లోపల పుట్టే వేడికి బయటికి దారి ఉండదు.

మొదటి కరెంటు ప్రధాన పట్టాల మీద కాకుండా ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద ఇవ్వాలి. అక్కడ కరెంటు పావు ఆంపియరు మించకుండా కట్టడి ఉంటుంది కనుక ఎక్కడైనా తప్పు జరిగినా డీకోడర్ బతికే అవకాశం ఉంది. కంట్రోలర్ ‘నీ చిరునామా మూడేనా’ అని అడుగుతుంది. డీకోడర్‌కు తిరిగి మాట్లాడే నోరు లేదు. అవునని చెప్పడానికి అది కనీసం 60 మిల్లీ ఆంపియర్ల అదనపు కరెంటును ఆరు మిల్లీసెకన్ల పాటు లాగుతుంది, మామూలుగా మోటారు ద్వారానే. కంట్రోలర్ ఆ గుటకను పసిగడుతుంది. మనకు కనిపించేది మాత్రం ఇంజన్ ఉన్నచోటే వెంట్రుకవాసి ఉలికిపడటం. మోటారు, డీకోడర్, పట్టా మూడూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలిశాయనడానికి ఆ ఉలికిపాటే సాక్ష్యం.

డీకోడర్ జ్ఞాపకంలో అంకెలు వేసిన గళ్ళుంటాయి, వాటిని సీవీలు అంటారు. ఒకటో గడి చిరునామా, మూడో గడి వేగం పుంజుకునే తీరు, నాలుగోది నెమ్మదించే తీరు. జింటీకి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది ఐదో గడి, గరిష్ఠ వేగం. ఆ కాలపు బొమ్మ ఇంజన్లు పిల్లల సరదా కోసం తయారయ్యాయి, నాబ్ నిండా తిప్పితే మెయిల్ రైళ్ళను మించి పరుగెడతాయి. అసలు జింటీ పెట్టెలు లాక్కుంటూ గంటకు 40 కిలోమీటర్లతో పోతుందనుకుంటే 76వ వంతు లెక్కలో అది సెకనుకు 15 సెంటీమీటర్ల లోపే. యార్డులో నడకవేగంతో పెట్టెలు నెట్టేటప్పుడైతే సెకనుకు ఏ రెండు సెంటీమీటర్లో. డీసీలో ఈ రెండు సెంటీమీటర్లు సాధించడం గగనం. మోటారును కదిలించడానికి కావలసినంత వోల్టేజి ఇచ్చేసరికి అది ఒక్క ఉదుటున దూకుతుంది.

డీకోడర్ ఇక్కడ తిన్న ఉప్పు రుణం తీర్చుకుంటుంది. అది వోల్టేజి తగ్గించి ఇవ్వదు. నిండు వోల్టేజినే ఇస్తుంది, కానీ తరిగి తరిగి, సెకనుకు వేల ముక్కలుగా. నెమ్మదిగా పోవాలంటే ముక్కలు సన్నం, వేగానికి మందం. ప్రతి ముక్కలోనూ నిండు బలం ఉండటంతో మోటారు రాపిడిని దాటి కదులుతుంది. మధ్యమధ్యలో కరెంటు ఆపి, తిరుగుతున్న మోటారులో పుట్టే ఎదురు వోల్టేజిని కొలిచి, ఎంత వేగంతో తిరుగుతోందో తెలుసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గితే ముక్కలు మందం చేస్తుంది. అయితే కొత్త మోటార్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ సర్దుబాటు కొన్ని ముసలి మోటార్లకు పడదు, ఇంజన్ నత్తిగా నడుస్తుంది. ఆ సర్దుబాటు బలం తగ్గించే గళ్ళు కూడా ఉంటాయి. ఏ గడి అన్నది తయారీదారును బట్టి మారుతుంది కనుక దాని కరపత్రం చూడక తప్పదు.

ఆ మెల్లని నడకకు అసలు శత్రువు మురికి. డీసీలో క్షణం పాటు కరెంటు తెగితే ఇంజన్ చిన్న కుదుపుతో సర్దుకుపోతుంది. డీకోడర్‌కు కరెంటు తెగడమంటే స్పృహ తప్పడం, మళ్ళీ లేచి ఉత్తరం కోసం ఎదురు చూడాలి. అందుకని ఇన్సులేషన్ ఉన్న వైపు మూడు చక్రాలనూ ఒరిసేలా రేకులు చేర్చడం ఉత్తమం. చోటుంటే కరెంటు నిలవ చేసే కెపాసిటర్ ఒకటి డీకోడర్‌కు జత చేయవచ్చు. చక్రాల మాట కూడా చెప్పాలి. తొలినాటి ట్రయాంగ్ చక్రాల అంచులు మోటువి, పట్టాలు చీలే చోట ఉండే ఇవాళ్టి సన్నని పాయింట్ల దగ్గర ఎగిరెగిరి పడతాయి. చక్రం వెనుక భాగం పక్క పట్టాకు ఒక్క క్షణం తగిలినా షార్టే. డీసీ కంట్రోలర్ అది పట్టించుకోకపోవచ్చు. పట్టాలకు కరెంటు ఇచ్చే డిజిటల్ బూస్టర్ మాత్రం ఠక్కున ఆగిపోతుంది, దానితో పాటు పట్టాల మీదున్న రైళ్ళన్నీ. తప్పు జింటీది, శిక్ష అందరికీ!

అన్నిటినీ మార్చాలా? మామూలు నల్ల జింటీలైతే మొహమాటం అక్కర్లేదు. అవి లెక్కలేనన్ని దొరుకుతాయి, డీకోడర్ ధర ఇంజన్ ధరను దాటిపోవడం కూడా మామూలే. డబ్బు లెక్క చూసుకునేవారు ఇందులో దిగకపోవడం మంచిది. అరుదైన రంగులోనో పెట్టెతో సహానో చెక్కుచెదరకుండా ఉన్నది చేతికొస్తే మాత్రం నేనైతే టంకం దగ్గరికి కూడా తీసుకెళ్ళను.

మార్చిన ఇంజన్‌ను డీసీ పట్టాలున్న మిత్రుడి ఇంటికి తీసుకెళ్ళాలంటే దానికీ ఏర్పాటుంది. 29వ గడిలో సాధారణంగా 6 ఉంటుంది, దాంతో డీకోడర్ డీసీ మీద కూడా పనిచేస్తుంది. కాకపోతే లోపలి చిప్ మేలుకోవడానికి కొన్ని వోల్టులు కావాలి కనుక నాబ్ కొంత తిప్పేదాకా కదలదు. ‘ముందుకు’ అంటే వెనక్కి పోతుంటే 7 రాస్తే సరి, లేదా నారింజ, బూడిద తీగలు అటూ ఇటూ మార్చాలి. ఎప్పుడైనా డిజిటల్ పట్టాల మీద కరెంటు తెగి వచ్చినప్పుడు జింటీ అకస్మాత్తుగా పూర్తి వేగంతో పరుగు లంకించుకుంటే, అది ఆ కుదుపును డీసీ అని పొరపడుతోందన్నమాట. అప్పుడు 29వ గడిలో 2 రాయాలి. మిత్రుడి ఇంటి ప్రయాణాలు మానుకోవాల్సి వస్తుంది గానీ ఆ పరుగు ఆగుతుంది.